కారణం గడి

నా తరగతిలో ప్రతి ఒక్కరి చేతా తప్పుల పుస్తకం ఒకటి రాయిస్తాను. పేజీకి నాలుగు గడులు: ప్రశ్న, చేసిన తప్పు, కారణం, దిద్దుబాటు. పందొమ్మిదేళ్లుగా ఇంటర్మీడియట్ పిల్లలకు లెక్కలు చెబుతున్నాను, ఎక్కువ కాలం విజయవాడలోనే. వీకెండ్ టెస్టు అయిన మర్నాడు ఆ పుస్తకాలన్నీ నా బల్ల మీదికి చేరతాయి.

మొన్న జనవరిలో, జేఈఈ మెయిన్ మొదటి విడత దగ్గర పడుతుండగా, ఒక అమ్మాయి పుస్తకం తెరిచాను. వృత్తం లెక్క. సమీకరణంలో ఎక్స్ గుణకం మైనస్ 6, వై గుణకం 4, చివరన మైనస్ 12. గుణకాలను సగం చేసి గుర్తు మారిస్తే కేంద్రం వస్తుంది: (3, −2). తను సగం చేసింది, గుర్తు మార్చలేదు. వ్యాసార్ధం 5 అని సరిగ్గానే కట్టింది. ఇదంతా రెండో గడిలో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉంది. కారణం గడిలో ఒకటే మాట: "నేనే". దాని కింద పెన్సిలుతో రాసి చెరిపేసిన మాట ఇంకొకటి. రబ్బరుతో తుడిచినా కాగితం మీద నొక్కు మిగిలింది. "మొద్దు" అని ఉంది. దిద్దుబాటు గడి ఖాళీ.

పేజీలు వెనక్కి తిప్పాను. దసరా దాకా "తొందర", "సూత్రం మరిచాను", "ప్రశ్న సరిగ్గా చదవలేదు" అని ఉన్నాయి. వాటి పక్కన దిద్దుబాట్లూ ఉన్నాయి. దీపావళి తరువాత "అజాగ్రత్త" మొదలైంది. డిసెంబరు నుంచి "నేనే". ఆ మాట వచ్చిన ప్రతి చోటా పక్క గడి తెల్లగా ఉంది. ఎలా నిండుతుంది? గుర్తు మార్చడం మరిచిపోతే రేపటి నుంచి గుర్తు చూసుకోవచ్చు. తప్పు "నేను" అయితే దిద్దడానికి ఏముంది?

ఆ సాయంత్రం నేను పిల్లను పిలవలేదు. ముందు నా సంగతి చూసుకోవలసి వచ్చింది.

అంతకు రెండు నెలల ముందు ఒక టెస్టుకు కీ రాసి, ఒక ప్రశ్నకు తప్పు ఆప్షన్ ఇచ్చాను. ఐదు మార్కుల తేడా: రైటు కొట్టినవాడికి నాలుగు పోయాయి, పైన ఒకటి కోత పడింది. అంచున ఉన్న ఒక అబ్బాయి ఆ ఐదు మార్కులతో పై సెక్షన్ నుంచి కింది సెక్షన్‌కు జారాడు. సోమవారం పొద్దున తనే వచ్చి, "మేడమ్, ఇది ఒకసారి చూస్తారా" అని వినయంగా అడిగాడు. మధ్యాహ్నానికి కీ సవరించాం, జాబితా మార్చాం, వాడు తన బెంచీకి తిరిగి వెళ్లాడు. సాయంత్రానికి మరిచిపోయాడు కూడా.

నేను మరవలేదు. రాత్రి మూడు దాటినా కళ్లు మూతపడలేదు. ఇన్నేళ్ల అనుభవం ఎందుకు, చాక్‌పీసు పట్టుకునే అర్హత ఉందా, అంటూ నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను. మరో మనిషిని ఎవరైనా నా ముందు అన్ని మాటలంటే చెయ్యి అడ్డం పెట్టి ఆపేదాన్ని. ఆ వారమంతా పాఠం చెబుతూ బోర్డు మీద రాసిన ప్రతి అంకెనూ రెండుసార్లు వెనక్కి చూసుకున్నాను. ఆ భయంలో ఇంకో రెండు చిన్న తప్పులు చేశాను.

అమ్మాయి పుస్తకం చూసిన రాత్రి ఒక తెల్లకాగితం మీద నాలుగు గడులు గీసి, ఆ కీ తప్పును రాశాను. కారణం గడి దగ్గర చాలాసేపు ఆగిపోయాను. చేతికి మొదట వచ్చింది "నా నిర్లక్ష్యం" అనే మాటే. దాన్ని రాయకుండా, అసలు ఆ రోజు ఏం జరిగిందో గుర్తు చేసుకున్నాను. పగలు ఆరు క్లాసులు. స్టడీ అవర్ డ్యూటీ ముగిసేసరికి రాత్రి పదిన్నర. కీ రాసింది పదకొండున్నరకు. ఇంకొకరితో సరిచూపించలేదు. ఇవి రాసేసరికి దిద్దుబాటు దానంతట అదే తోసుకొచ్చింది: కీ పొద్దున రాయాలి, ఇంకో లెక్చరర్ విడిగా లెక్కలు చేసి పోల్చాలి. మర్నాటి నుంచి అలాగే చేస్తున్నాం. రెండు నెలల తిట్లు చేయలేని పని పావుగంటలో అయింది.

మనల్ని మనం దయగా చూసుకోవాలంటే మన ఇళ్లలో చాలామందికి అనుమానం. అలుసిస్తే చెడిపోతామని. మా నాన్నది అదే భయం. ఏడో తరగతిలో లెక్కల్లో 98 వచ్చిందని పరుగెత్తుకుంటూ వెళ్లి కార్డు చూపిస్తే, సంతకం పెడుతూ "మిగతా రెండూ ఎక్కడ పోయాయమ్మా?" అన్నారు. ఆయన కఠినుడు కాదు. పీయూసీలో తాతగారు ఫీజు కట్టలేక మధ్యలో చదువు మాన్పించారు. నాన్న తెనాలిలో బియ్యం మిల్లులో గుమాస్తాగా జీవితం గడిపారు. చదువు అనే ఒక్క తాడు పట్టుకుని పిల్లలు పైకి రావాలి, అది జారితే కింద పట్టుకునే దిక్కు లేదు. ఆ రెండు మార్కుల ప్రశ్నలో ఉన్నది ఆ భయమే. అరెకరం అమ్మి ఫీజు కట్టి, హాస్టల్ గేటు దగ్గర పిల్ల చేతిలో పచ్చడి డబ్బా పెట్టి వెళ్లే తండ్రుల కళ్లలో నేను ఇప్పటికీ చూసేది అదే. దాన్ని తీసిపారేసే హక్కు నాకు లేదు. కానీ ఆ ప్రశ్న మనలోకి దిగి, అడిగేవారు ఎదురుగా లేనప్పుడు కూడా రాత్రింబవళ్లు అడుగుతూనే ఉంటుంది.

అలుసు సంగతి నిజమో కాదో పరీక్షించి చూసినవాళ్లున్నారు. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జూలియానా బ్రైన్స్, సెరెనా చెన్ చేసిన ప్రయోగాలు 2012లో అచ్చయ్యాయి. ఒకదానిలో విద్యార్థులకు కావాలనే కష్టమైన పదాల పరీక్ష పెట్టారు. తరువాత కొందరితో, ఇది చాలామందికి కష్టమే, మిమ్మల్ని మీరు మరీ నిందించుకోకండి అన్నారు. ఇంకొందరికి, మీరు తెలివైనవాళ్లే అని చెప్పారు. మిగిలినవాళ్లతో ఏమీ అనలేదు. రెండో పరీక్షకు ఎంతసేపైనా చదువుకోమని వదిలేస్తే, ఎక్కువసేపు కూర్చుని చదివింది మొదటివాళ్లే. లెక్కలు చెప్పేదాన్ని కాబట్టి మంచిమాట కన్నా ఇలాంటి లెక్క నాకు ఎక్కువ ధైర్యమిస్తుంది.

మర్నాడు అమ్మాయిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. అది ఇంకా కష్టంగా అనిపించింది. ఆ వృత్తం లెక్కనే తెల్లకాగితం మీద మళ్లీ చేయించి, "ఇది బోర్డు పరీక్షలో వచ్చిన లెక్క అనుకో, నువ్వే పేపరు దిద్దుతున్నావు. ఎన్ని మార్కులేస్తావు?" అన్నాను. స్పాట్ వాల్యుయేషన్‌లో మేం ఎలా దిద్దుతామో చెప్పాను. జవాబు తప్పినా సూత్రానికి మార్కు, ప్రతిక్షేపణకు మార్కు, సరిగ్గా నడిచిన ప్రతి మెట్టుకూ మార్కు. కాగితం వంక చాలాసేపు చూసింది.

"సూత్రం రైటే మేడమ్. సగం చేయడం రైటే. వ్యాసార్ధం కూడా రైటే."

"తప్పెక్కడ?"

"గుర్తు దగ్గర." కాసేపాగి, "చివర్లో టైము చూసుకుని కంగారుపడ్డాను మేడమ్. టెస్టుల్లో ఆఖరి పదిహేను నిమిషాల్లోనే ఇలా అవుతోంది" అంది.

ఆ మాట తనకూ అప్పుడే తట్టినట్టుంది. పాత పేజీలు తిప్పి తనే లెక్కపెట్టుకుంది. డిసెంబరు తప్పుల్లో సగానికి పైగా అక్కడివే. చివరి పావుగంటలో కొత్త ప్రశ్న ముట్టుకోకూడదని, చేసినవాటిలో గుర్తులు సరిచూసుకోవాలని తనకు తానే నియమం పెట్టుకుంది. పుస్తకంలో ఇప్పటికీ అప్పుడప్పుడూ "నేనే" అని రాస్తోంది. ఒక్క మాటతో పోయే అలవాటు కాదు. అలాంటప్పుడు ఆ గడి చుట్టూ పెన్సిలుతో చిన్న సున్నా చుట్టి తిరిగి ఇచ్చేస్తాను. తను చెరిపి మళ్లీ రాసుకొస్తుంది. ఆ వారమే హాస్టల్ వరండాలో, మనసు బాగాలేనివాళ్లు మాట్లాడుకునే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 పెద్ద అక్షరాలతో రాసి అతికించాను. కొన్ని రాత్రుల బరువుకు లెక్చరర్ సున్నాలు చాలవు.

పోయిన ఆదివారం తెనాలి నుంచి నాన్న ఫోను చేశారు. ఇప్పుడు డెబ్బై నాలుగేళ్లు. గొంతు బాగా దిగిపోయి ఉంది. మోటారు వేసి మరిచిపోయారట. ట్యాంకు పొర్లి, మేడ మెట్ల మీంచి వీధిలోకి నీళ్లు పారితే ఎదురింటివాళ్లు వచ్చి తలుపు కొట్టారట.

"బుర్ర పని చేయడం లేదమ్మా. ఇంక నేను దేనికీ పనికిరాను."

"నాన్నా, మోటారు ఎన్నింటికి వేశారు?"

"రెండింటికి."

"తరువాత ఎక్కడ కూర్చున్నారు?"

"ముందు గదిలో. కూలర్ దగ్గర."

"కూలర్ తిరుగుతుంటే వెనక మేడ మీద నీళ్లు పొర్లే చప్పుడు వినబడుతుందా?"

అవతల కాసేపు మాట లేదు.

"వినబడదు" అన్నారు. "పోయినసారీ అంతే. ఎండాకాలంలోనే అవుతోంది ఇలా."

ట్యాంకు నిండగానే మోగే అలారం కొట్లలో దొరుకుతుందని, తీసుకొస్తానని చెప్పాను.

"ముందు గదిలోకి వినబడేంత గట్టిగా మోగుతుందా?" అని అడిగారు.