రోజుకు రూపాయి దాచిన మా అవ్వ

మా అవ్వ పోయి ఏడాది కావస్తోంది. సంవత్సరీకం పనుల కోసం అందరం ఇంట్లో చేరాం. ఎవర్ని కదిలించినా ఒకటే మాట, "మహాతల్లి, పిల్లల కోసమే బతికింది" అని. నిజమే. కానీ ఆ ఒక్క మాటతో సరిపెట్టేస్తే ఆమె చేసిన పనులన్నీ మరుగున పడిపోతాయేమోనని నా బెంగ, అందుకే గుర్తున్నంతవరకు రాసి పెడుతున్నాను.

అవ్వంటే మా అమ్మను కన్న తల్లి. ఊరు నెల్లూరు జిల్లా మెట్టలో, కలిగిరి వైపు. కింద డెల్టా వాళ్ళకు పెన్న నీళ్ళున్నాయి, మా వాళ్ళకు వానే దిక్కు. పడితే సజ్జ, జొన్న, కాస్త ఉన్నవాళ్ళకు పొగాకు. మాకున్న చేను ఇంటి తిండికే చాలేది కాదు కాబట్టి అవ్వ కూలికి పోయేది. పొగాకు కాలం వస్తే బ్యారన్ దగ్గర, అంటే పచ్చాకును వేడితో ఆరబెట్టే కొట్టం దగ్గర పని. పచ్చి ఆకులు రెండు మూడు కలిపి పురికొసతో కర్రకు ఇటొక కట్ట అటొక కట్ట కడుతూ పోవాలి. పొద్దు గూకేసరికి ఆకు జిగురు చేతులకు పట్టి నల్లగా గట్టిపడిపోయేది, ఎంత రుద్దినా ఒక పట్టాన వదలదు, ఆ చేత్తో ఏది కలుపుకున్నా చేదే. అందుకని మాకు సంగటి ముద్ద చేత్తో పెట్టకుండా తెడ్డుతో పళ్ళెంలో వేసి, "మీరే కలుపుకోండి నాయనా" అనేది. ఆమె మాత్రం ఆ చేదుతోనే తినేది. అది చూసిన వాళ్ళం కాబట్టి చెబుతున్నా, పిల్లల కోసం బతకడమంటే మాటలు కాదు.

తాత మంచివాడే, పని దొంగ కాదు, కానీ కూలి డబ్బులు చేతిలో పడ్డాయంటే కాళ్ళు సారా కొట్టు వైపే నడిచేవి. ఆ రోజుల్లో సారా ప్యాకెట్లలో వచ్చేది. ఊళ్ళో తాగే నీళ్ళకు కటకటగా ఉన్నా సారా మాత్రం ఒక్క రోజు తప్పేది కాదని అవ్వ చెప్పేది, ముప్పై ఏళ్ళ తర్వాత చెప్పినా అదే కోపంతో చెప్పేది.

1991లో అక్షరదీపం అనే అక్షరాస్యత కార్యక్రమం వాళ్ళు మా ఊళ్ళో రాత్రి బడి పెట్టారు. పగలంతా నడుం వంచి వచ్చినవాళ్ళు, పిల్లలకు ఇంత పెట్టి, లాంతరు దగ్గర పలక పట్టుకుని కూర్చోవడం! అమ్మ అప్పటికి పెద్దదైంది కాబట్టి చూసింది, మొదట్లో బలపం పట్టడానికి అవ్వ వేళ్ళు వంగేవి కావట. ఆ బడి పుస్తకాల్లోనే సారా మీద పాఠాలు ఉండేవి. చదవడం కన్నా ఆడవాళ్ళందరూ రోజూ ఒక చోట చేరి సొంత కష్టం ఒకరికొకరు చెప్పుకోవడం మొదలుపెట్టారు చూడండి, అసలు సంగతి అక్కడుందని నేను అనుకుంటాను. 1992లో మా జిల్లాలోనే ఉన్న దూబగుంట అనే ఊళ్ళో రోశమ్మ గారూ తోటి ఆడవాళ్ళూ సారా కొట్టు మూయించారన్న కబురు చుట్టుపక్కల పల్లెలకు పాకింది. మా ఊళ్ళోనూ చీపుర్లు, కారప్పొడి పట్టుకుని వెళ్ళారు, అవ్వ ముందు వరసలో ఉంది. తాత ఆ కొట్టు ముందే ఉన్నాడట. "సంపాదించిందంతా ఈడ పోస్తే పిల్లోళ్ళకి ఏం పెట్టాల" అని అందరి ముందే అడిగింది. మొగుడి ముందు గొంతెత్తని మనిషి ఆమె.

తర్వాతిదంతా అందరికీ తెలిసిందే. 1993 ఏప్రిల్‌లో మా జిల్లాలో, అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆగింది. 1995లో మద్యం పూర్తిగా నిషేధించారు, 1997లో ఎత్తేశారు. తాత కూడా మానేసి, మళ్ళీ మొదలుపెట్టాడు. కానీ అప్పటికి ఇంటి డబ్బు అవ్వ చేతికి వచ్చేసింది. సారా పోయాక నెల్లూరులో పొదుపు లక్ష్మి అని ఆడవాళ్ళ పొదుపు సంఘాలు పెట్టారు, రోజుకో రూపాయి దాచాలి. ఇప్పుడు రూపాయి అంటే ఎవరూ లెక్క చెయ్యరు గానీ, కూలి దొరకని రోజు కూడా ఆ రూపాయి తియ్యాలంటే ఎంత టెన్షనో ఆలోచించండి. అలా దాచినదాని మీద అప్పు తీసుకుని ఒక బర్రెను కొంది. ఆ పాల డబ్బులతోనే చిన్న మామ ఐటీఐ చదివాడు, చాలా ఏళ్ళ తర్వాత నా నర్సింగ్ హాస్టల్ ఫీజు కొంత కట్టిందీ అవ్వే.

అమ్మా నాన్నా పనుల కోసం ఊరు విడిచినప్పుడు నేను అవ్వ దగ్గరే ఉండి చదువుకున్నాను. బస్సు వస్తుంటే నా చెయ్యి పట్టుకుని, కళ్ళు చికిలించి, "ఉ... ద... య... గి... రి" అని పైకి చదివేది, కండక్టర్‌ని అడిగే ప్రశ్నే లేదు. నా తెలుగు వాచకం నాకంటే ముందు ఆమే చదివేసేది. పుట్టిన రోజు ఎప్పుడో ఆమెకే తెలియదు, ఆధార్ కార్డులో ఆ తరం వాళ్ళు చాలామందికి ఉన్నట్టే జనవరి 1 అని ఉంది. కానీ ఎవరికి ఎంత బాకీ, ఎవరు ఎంత ఇవ్వాలి, అంతా నోటి లెక్కే, ఒక్క పైసా తేడా వచ్చేది కాదు.

తాత పోయాక చేను పంచాలన్న మాట వచ్చింది. ఇద్దరు మామలకే అని అందరూ అనుకుంటున్నారు, అమ్మా పిన్నీ కూడా అదే అనుకున్నారు. అవ్వ ఒప్పుకోలేదు. "నలుగుర్నీ నేనే మోశా గదా" అంది, అంతే. రిజిస్ట్రార్ ఆఫీసులో వేలిముద్ర వేయించబోతే పెన్ను అడిగి సంతకం పెట్టింది. చిన్న మామ కొన్నాళ్ళు అలిగి మాట్లాడలేదు. ఇప్పుడు మా అమ్మ వాటా చేను ఆయనే కౌలుకు చేస్తున్నాడు, ఏటా ఉగాదికి ముందే కౌలు డబ్బు తెచ్చి అమ్మ చేతిలో పెడతాడు.