సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజిన్ అందుకోదు

దీపావళి ముసురు పట్టిందంటే చెన్నైలో పాత కార్లు పొద్దున్నే మొరాయిస్తాయి, ముఖ్యంగా కార్బొరేటర్ (పెట్రోలును గాలితో కలిపే భాగం) ఉన్న మారుతి 800లు. వెంటనే కొత్త బ్యాటరీ కొనేయకండి. తాళం తిప్పినప్పుడు వచ్చే చప్పుడుతోనే సగం సంగతి తెలిసిపోతుంది.

టక్కుమని ఒక్క దెబ్బ కొట్టి ఆగితే సెల్ఫ్ మోటారుకు కరెంటు చాలడం లేదన్నమాట. నిండా చార్జి ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పడితే బ్యాటరీ నీరసించినట్టే. పడకపోతే బ్యాటరీ నెగెటివ్ నుంచి ఇంజిన్‌కు, బాడీకి పోయే ఎర్త్ వైరు చూడండి. బీసెంట్ నగర్, తిరువాన్మియూరుల్లో ఉప్పుగాలికి ఆ వైరు పైకి బాగానే కనిపిస్తూ బోల్టు కింద తుప్పు తినేసి ఉంటుంది. మల్టీమీటర్ ఎర్ర వైరు ఇంజిన్ లోహానికి, నల్లది బ్యాటరీ నెగెటివ్‌కు ఆనించి ఎవరినైనా సెల్ఫ్ కొట్టమనండి. అర వోల్టు దాటిందా, బోల్టు విప్పి ఉప్పు కాగితంతో లోహం మెరిసేదాకా రుద్దాల్సిందే.

సెల్ఫ్ జోరుగా తిరుగుతున్నా ఇంజిన్ అందుకోకపోతే ముందు స్పార్క్ చూడండి. వానల్లో మొదట దెబ్బతినేది అదే. ఒక స్పార్క్ ప్లగ్ విప్పి, దాని వైరు మళ్ళీ తగిలించి, రబ్బరు పిడి ఉన్న కటింగ్ ప్లేయరుతో పట్టుకుని, ప్లగ్ విప్పిన రంధ్రానికి దూరంగా ఇంజిన్‌కు ఆనించి సెల్ఫ్ కొట్టించండి. దగ్గర్లో పెట్రోలు తడి ఉండకూడదు. నీలంగా చిటపటలాడితే సరే. పసుపుగా, సన్నగా వచ్చినా, అసలు రాకపోయినా ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీయండి. వైర్లు పీకనక్కర్లేదు. లోపలి గోడకు తేమ చెమటలా పట్టి ఉంటుంది. పొడి నూలుగుడ్డతో తుడిచి వెలుతురుకు తిప్పి చూడండి. ఒక బొడిపె నుంచి పక్కదానికి పెన్సిలుతో గీసినట్టు వెంట్రుకంత నల్లగీత కనిపిస్తే ఆ మూత పనికిరాదు. ప్లగ్గుకు పోవాల్సిన కరెంటు ఆ గీత వెంబడి పక్కకు జారిపోతుంది. గీకినా మళ్ళీ వస్తుంది. మూత, దాని లోపల తిరిగే రోటరు రెండూ కలిపి మార్చండి. పాత స్పేర్ పార్టులు అమ్మే పుదుపేటలో తలుపులు, లైట్లు పాతవి కొన్నా ఫరవాలేదు, ఇవి మాత్రం కొత్తవే కొనాలి.

స్పార్క్ బాగుంటే ఎయిర్ ఫిల్టర్ మూత తీసి, సెల్ఫ్ కొట్టకుండా యాక్సిలరేటర్ లివర్ తిప్పండి. కార్బొరేటర్ గొంతులోకి సన్నటి పెట్రోలు ధార చిమ్మాలి. చిమ్మకపోతే పెట్రోలు ఫిల్టరు, ఏసీ పంపు (ట్యాంకు నుంచి పెట్రోలు లాగే పంపు) లోపలి డయాఫ్రం పొర, రబ్బరు గొట్టాలు చూడండి. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరును ఉబ్బిస్తుంది. ఇథనాల్‌కు తట్టుకునే గొట్టాలే వేయించండి. ప్లగ్ తడిసి పెట్రోలు కంపు కొడుతుంటే చోక్ లోపలికి నెట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి 5 నుంచి 10 సెకన్లు సెల్ఫ్ కొట్టండి. మళ్ళీ కొట్టేముందు అర నిమిషమైనా ఆగండి.

వేళచేరిలాంటి చోట వరదనీట్లో మునిగిన బండికి మాత్రం సెల్ఫ్ కొట్టనే వద్దు. సిలిండర్లో చేరిన నీరు గాలిలా కుదించుకుపోదు, కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. ముందు ప్లగ్గులన్నీ విప్పి నీళ్ళు బయటికి పోనివ్వండి. డిప్‌స్టిక్ (ఆయిల్ చూసే కడ్డీ) మీద ఆయిల్ పాలకాఫీ రంగులో ఉంటే ఆయిలూ, ఫిల్టరూ మార్చాకే ఇంజిన్ తిప్పాలి.