మ్యూనిక్ నుంచి గ్దాన్స్క్ దాకా

మ్యూనిక్‌లో ఆర్కిస్ వీధి 12వ నంబరు భవనంలో ఇప్పుడు సంగీత, నాటక విద్యాలయం నడుస్తోంది. నేను వెళ్ళేసరికి పై అంతస్తులో ఎవరో పియానో సాధన చేస్తున్నారు, ఒకే ముక్కను మళ్ళీ మళ్ళీ. 1938లో అది హిట్లర్ కార్యాలయం. ఆ సెప్టెంబరు 29 అర్ధరాత్రి దాటాక హిట్లర్, ముస్సోలినీ, బ్రిటన్ ప్రధాని చాంబర్లీన్, ఫ్రాన్స్ ప్రధాని దలాదియే కలిసి చెకోస్లోవాకియా సరిహద్దు ప్రాంతమైన సుడేటన్‌లాండ్‌ను జర్మనీకి రాసిచ్చేశారు. ఆ నేల సొంతదారులైన ఆ దేశపు ప్రతినిధులను చర్చల్లో కూర్చోనివ్వలేదు. అప్పటికే, సైన్యం ఉండకూడదన్న రైన్‌లాండ్‌లో సైన్యం దించి, ఆస్ట్రియాను కలిపేసుకున్న హిట్లర్, ఐరోపాలో తాను అడిగే చివరి భూభాగం ఇదేనన్నాడు. వాళ్ళు నమ్మారు.

అలా ఇచ్చేసినదేమిటో కళ్ళారా చూడాలని చెక్ సరిహద్దులోని క్రాలికీ వెళ్ళాను. ఊరి పక్క గుట్ట కడుపులో హూర్కా కోట ఉంది. సొరంగంలో అడుగుపెట్టగానే జాకెట్ మీద కూడా చలి కరిచింది. గోడ మీద చెయ్యి వేశాను. కాంక్రీటు పోసినప్పటి చెక్కల అచ్చులు వేళ్ళకు తగులుతున్నాయి. ఈ సరిహద్దు పొడవునా ఇలాంటి పెద్ద కోటలతో పాటు చిన్న బంకర్లు సుమారు 10,000 కట్టారు. సెప్టెంబరు 23న సైన్యాన్ని సమీకరిస్తే పది లక్షల మందికి పైగా కదిలారు. వారం తిరిగేసరికి ఒక్క తూటా పేల్చకుండా ఈ గోడలన్నీ అప్పగించాల్సి వచ్చింది. కోట లోపల తిరుగుతున్నంతసేపూ నాకు కోపమే వచ్చింది.

బ్రిటన్‌కు ఆయుధాలు సమకూర్చుకునే వ్యవధి దొరికిందని మ్యూనిక్ ఒప్పందాన్ని సమర్థించేవాళ్ళు అంటారు. ఆ వ్యవధి జర్మనీకీ దొరికింది కదా. కోటల అండ పోయిన దేశాన్ని 1939 మార్చి 15న హిట్లర్ మొత్తంగా ఆక్రమించాడు. చెక్ సైన్యం ఆయుధాలు, ప్ల్జెన్‌లోని స్కోడా ఆయుధ కర్మాగారం అతని చేతికి చిక్కాయి. 1940లో ఫ్రాన్స్ మీదికి దూసుకెళ్ళిన జర్మన్ సేనాని రొమెల్ దళంలోని ట్యాంకుల్లో చాలా భాగం చెక్ దేశంలో తయారైనవే. దోచిన ప్రతి దేశమూ తర్వాతి దేశం మీద దాడికి పెట్టుబడి అయింది.

క్రాలికీ నుంచి వ్రొత్స్వావ్ మీదుగా గ్దాన్స్క్ చేరాను. పోలండ్ గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. 1938 అక్టోబరులో, చెక్ దేశం కూలబడి ఉన్నప్పుడు, తెషిన్ ప్రాంతాన్ని పోలండ్ కూడా లాక్కుంది. ఏడాది తిరగకుండానే వంతు దానికే వచ్చింది.

అప్పటి డాన్‌జిగ్ నగరమే ఈ గ్దాన్స్క్. ఓడరేవు ముఖద్వారంలో వెస్టర్‌ప్లాట్టె అనే చిన్న ద్వీపకల్పం ఉంది. స్నేహపూర్వక సందర్శన పేరుతో 1939 ఆగస్టు 25న వచ్చిన జర్మన్ యుద్ధనౌక ష్లెస్విగ్-హోల్‌స్టైన్, సెప్టెంబరు 1 తెల్లవారుజామున ఇక్కడి పోలిష్ స్థావరం మీద గుళ్ళు కురిపించింది. నీటి పాయ ఒడ్డున నిలబడి చూస్తే అది ఎంత దగ్గర నుంచి కాల్చిందో తెలిసి ఒళ్ళు జలదరించింది. లోపల ఉన్నది సుమారు 200 మంది. ఏడు రోజులు నిలబడ్డారు.

అంతకుముందు, చెక్ రాజధాని ప్రాగ్ ఆక్రమణతో చాంబర్లీన్‌కు భ్రమలు తొలగి, మార్చి 31న పోలండ్‌కు అండగా ఉంటామని మాటిచ్చాడు. ఆగస్టు 23న సోవియట్ నేత స్టాలిన్‌తో, ఒకరి మీద ఒకరు దాడి చేయకూడదన్న ఒప్పందం కుదరడంతో హిట్లర్‌కు తూర్పున భయం పోయింది. బ్రిటన్ ఈసారి కూడా మాటలతోనే సరిపెడుతుందనుకున్నాడు. సెప్టెంబరు 3న బ్రిటన్, ఫ్రాన్స్ యుద్ధం ప్రకటించాయి. 17న తూర్పు నుంచి సోవియట్ సేనలు పోలండ్‌లోకి దిగాయి.

ఆ 3వ తేదీనే వైస్రాయ్ లిన్‌లిత్‌గో, మన నాయకుల్ని ఒక్క మాట అడక్కుండా, భారతదేశం కూడా యుద్ధంలో ఉన్నట్టు ప్రకటించాడు. డాన్‌జిగ్ పేరైనా విననివాళ్ళు ఉత్తర ఆఫ్రికా ఎడారుల్లో, ఇటలీ కొండల్లో, బర్మా అడవుల్లో పోరాడారు. యుద్ధం ముగిసేనాటికి భారత సైన్యం 25 లక్షలు దాటింది.