కైలాసగిరి ఎక్కడుంది?

నిన్న రాత్రి మధురవాడలో మా ఇంట్లో వైఫై ఉంది, నెట్ లేదు. లోకల్ పనే కదా అని టెర్మినల్ తెరిస్తే ప్రాంప్ట్ (కమాండ్ టైప్ చేసే చోటు) రావడానికి 10 సెకన్లు! టెర్మినల్లో కమాండ్లు నడిపే ఉత్త బాష్‌కి నెట్‌తో పనేంటి?

నెట్ వచ్చాక నెట్‌వర్క్ ట్రాఫిక్ చూపించే టీసీపీడంప్ పెట్టి, డీఎన్ఎస్ (పేరు చెబితే అడ్రస్ చెప్పే సర్వీసు) ప్రశ్నలు వెళ్లే 53వ పోర్టు దగ్గర కాపలా కాశా. టెర్మినల్ తెరిచినప్పుడల్లా ఒకటే ప్రశ్న: 'కైలాసగిరి' ఎక్కడుంది? అది నా ల్యాప్‌టాప్ పేరే! వైరసేమో అని కాసేపు టెన్షన్ కూడా పడ్డా.

ప్రోగ్రామ్ లోపల ఏం చేస్తోందో చూపించే ఎస్‌ట్రేస్‌తో దొంగ దొరికాడు. టెర్మినల్ తెరిచినప్పుడల్లా బాష్ చదివే బాష్‌ఆర్‌సీ ఫైల్లో ఎప్పుడో నేనే రాసుకున్న 'హోస్ట్‌నేమ్ -ఎఫ్', అంటే ల్యాప్‌టాప్ పూర్తి పేరు చెప్పే కమాండ్. పూర్తి పేరు కోసం ముందు ల్యాప్‌టాప్‌లోనే పేర్లు, అడ్రస్‌లు రాసి ఉండే హోస్ట్స్ ఫైలు చూస్తుంది, అక్కడ లేకపోతే డీఎన్ఎస్ తలుపు కొడుతుంది. జవాబు రాకపోతే 5 సెకన్లు ఆగి, మళ్లీ ఇంకోసారి. ల్యాప్‌టాప్‌కి పేరు మార్చిన రోజు ఆ ఫైల్లో మార్చలేదు మరి. ల్యాప్‌టాప్ తనని తాను పిలుచుకునే అడ్రస్ 127.0.1.1 పక్కన పాత పేరు 'భీమిలి' ఇంకా అలాగే కూర్చుని ఉంది.