మెనార్డ్ దారిలో

టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో ఏం చూడాలని ఎవరినడిగినా అలమో కోట, నది పక్క నడకదారి అంటారు. నేను మాత్రం అల్లుణ్ణి ఫోర్ట్ శామ్ హ్యూస్టన్ వైపు పోనిమ్మన్నాను. "అది మిలిటరీ వాళ్ళది మామయ్యా, లోపలికి వెళ్ళనివ్వరు" అన్నాడు. బయటినుంచి చూసినా చాలన్నాను. ఉద్యోగమంతా పశువుల పుళ్ళలో పురుగులు ఏరుతూ గడిపినవాణ్ణి, ఆ కంచె అవతలి సైనిక ఆసుపత్రి మీద నాకు ఎప్పటినుంచో గురి.

1950-51 ప్రాంతంలో రేమండ్ బుష్‌ల్యాండ్ అనే కీటక శాస్త్రవేత్త పశువుల పుళ్ళలో పురుగులు పెట్టే స్క్రూవర్మ్ ఈగను తాను పెంచి, దాని ప్యూపాలను (పురుగు ఈగయ్యే ముందు గుల్లలో ఉండే దశ) తెచ్చి ఆ ఆసుపత్రి ఎక్స్‌రే యంత్రం కింద పెట్టాడు. వాటిలోంచి వచ్చిన ఈగలు శుభ్రంగా ఎగిరాయి, జత కట్టాయి. కానీ గుడ్లు పొదగలేదు. మనుషుల కోసం పెట్టిన యంత్రంతో ఈగలను గొడ్డుపోయేలా చేయడమేమిటని అప్పట్లో నవ్వినవాళ్ళు ఉండే ఉంటారు.

పుండులో పడే పురుగుల్లో చాలా రకాలు కుళ్ళిన కండతోనే సరిపెట్టుకుంటాయి. స్క్రూవర్మ్ అలా కాదు, బతికున్న కండే తింటుంది. ముల్లు గీరుకున్న చోటో, కొమ్ము కోసిన చోటో, అప్పుడే పుట్టిన దూడ బొడ్డు దగ్గరో ఆడ ఈగ ఒక్క దఫాలో 200 నుంచి 300 గుడ్లు పెడుతుంది. ఒక్కరోజులో పిల్లలు బయటికొచ్చి, తల లోపలికీ తోక పైకీ పెట్టి కండలోకి దిగుతాయి. వారం తిరిగేలోపు తిండి ముగించి నేల మీద రాలి, మట్టిలో ప్యూపాలవుతాయి. ఈలోగా పుండు వాసనకు ఇంకో ఈగ, దాని వెనక మరో ఈగ. చూసే దిక్కు లేకపోతే పశువు వారం పది రోజుల్లో చచ్చిపోతుంది. మన దేశంలో ఉన్నది దీని చుట్టమే, క్రైసోమియా బెజ్జియానా. పట్టకారుతో దాన్ని లాగి చూసినవాళ్ళకు తెలుసు: ఒంటి చుట్టూ వరుసగా ఉండే ముళ్ళు కండను పట్టుకుని ఒక పట్టాన ఊడి రావు. టర్పెంటైన్ నూనెలో ముంచిన దూది పెట్టి, ఊపిరాడక పైకి వచ్చేదాకా ఆగాలి. ఆగుతున్నంతసేపూ గేదె కొట్టుకుంటూనే ఉంటుంది.

ఊరు దాటి ఐ-10 రోడ్డెక్కాక వంద కిలోమీటర్లు పోతే కెర్‌విల్. సున్నపురాతి గుట్టలు, వాటి మీద పొట్టి ఓక్ చెట్లు, జూనిపర్ పొదలు. గ్వాడలూప్ నది ఆ పూట బుద్ధిగానే పారుతోంది. 2025 జులైలో ఇదే నది ఒక్క తెల్లవారుజామున పొంగి ఆ కౌంటీలో వందమందికి పైగా ప్రాణాలు తీసింది. ఒడ్డున చెట్ల కొమ్మల్లో చాలా ఎత్తున ఇంకా చెత్త వేలాడుతోంది. అల్లుడు కారు నెమ్మది చేశాడు గానీ ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

అమెరికా వ్యవసాయ శాఖ పశువుల కీటకాల పరిశోధనశాల ఈ ఊళ్ళోనే ఉంది. 1946లో ఇక్కడికి వచ్చింది. ఇప్పుడు దాని పేరులో గొడ్డు ఈగల ఉపాయం ఊహించిన ఎడ్వర్డ్ నిప్లింగ్, బుష్‌ల్యాండ్ ఇద్దరి పేర్లూ ఉన్నాయి. బయట బోర్డు దగ్గర ఫొటో దిగాను. "ఇంత దూరం వచ్చింది ఈ బోర్డు కోసమా?" అని అమ్మాయి ఫోన్లో నవ్వింది.

ఇక్కడ స్క్రూవర్మ్ ఒక్కదాని మీదే పని జరగలేదు. ఈ దేశపు పశువులకు రోజువారీ శత్రువు హార్న్ ఫ్లై. మామూలు ఈగలో సగముంటుంది. ఆడా మగా రెండూ రక్తం తాగుతాయి, రాత్రీ పగలూ ఆవు వీపు వదలవు. ఆడది గుడ్లు పెట్టడానికి మాత్రమే దిగుతుంది, అదీ అప్పుడే వేసిన వేడి పేడలో. ఆవుకు 200 ఈగలు దాటితే నష్టం మొదలైనట్టు లెక్క. 1980లలో మందు కలిపిన చెవి పోగులు వచ్చాయి. మొదట్లో ఈగ అనేదే కనపడలేదు, కొన్నేళ్ళకే ఈగలు ఆ మందును అరిగించుకున్నాయి. మరి స్క్రూవర్మ్‌లాగే వీటిని కూడా గొడ్డువి చేసి వదిలి, జత కట్టినా పిల్లలు పుట్టకుండా చేయొచ్చుగా అని ఎవరికైనా అనిపిస్తుంది. చిక్కేమిటంటే, పిల్లలు పుట్టకపోయినా అవి కుట్టడం మానవు. కోట్లకొద్దీ ఈగలను వదిలితే ముందు ఆవులే తిరగబడతాయి. స్క్రూవర్మ్ పెద్ద ఈగ కుట్టదు, దాని దుర్మార్గమంతా పురుగుగా ఉన్నప్పుడే. ఒక ఈగ మీద గెలిచిన ఉపాయం పక్క ఈగ దగ్గర ఎందుకు పారదో తెలియాలంటే రెండింటి బతుకూ తెలిసి ఉండాలి. పురుగు కనబడగానే మందు సీసా వైపు చూసే మా వృత్తికి ఈ ఓపిక తక్కువ. నాకూ తక్కువే.

కెర్‌విల్ దాటాక జంక్షన్ అనే ఊరు, అక్కడినుంచి ఉత్తరానికి తిరిగితే మెనార్డ్. శాన్ సాబా నది ఒడ్డున పదిహేను వందల జనం కూడా లేని ఊరు. కథ నిజానికి మొదలైంది ఇక్కడే. 1930లలో నిప్లింగ్, బుష్‌ల్యాండ్ పనిచేసింది ఈ ఊళ్ళోనే. అప్పటిదాకా ఈ పురుగును పెంచాలంటే బతికున్న జంతువే కావాలి. బుష్‌ల్యాండ్ రుబ్బిన మాంసం, రక్తం, నీళ్ళు, పాడవకుండా కాస్త ఫార్మలిన్ కలిపి తొట్లలో పెంచి చూపించాడు. ఆ కంపును తలుచుకుంటే ఆయన మీద గౌరవం ఇంకాస్త పెరుగుతుంది.

నిప్లింగ్ టెక్సాస్ రైతుబిడ్డ. ఆడ స్క్రూవర్మ్ సాధారణంగా జీవితంలో ఒక్కసారే జత కడుతుందన్న సంగతి ఆయన మనసులో పడింది. ఆ ఒక్కసారీ గొడ్డు మగదానితో అయితే? కాగితం మీద ఆయన వేసిన లెక్క చూస్తే ఇప్పటికీ నాకు ముచ్చటేస్తుంది. ఒక ప్రాంతంలో 10 లక్షల ఆడ ఈగలున్నాయి, అన్నే మగవి. ప్రతి తరానికీ 20 లక్షల గొడ్డు మగ ఈగలను వదులుతూ పోవాలి. మొదటి తరంలో మూడింట రెండొంతుల ఆడవాటి గుడ్లు మురిగిపోతాయి, మిగిలేవి 3,33,333. వదిలేవి మాత్రం అన్నే కాబట్టి పోటీ ఇప్పుడు ఒకటికి ఆరు. తర్వాతి తరానికి 47,619, ఆపైన 1,107, ఆపైన ఒక్కటీ ఉండదు. మందు చల్లితే ఉన్నవాటిలో ఇంతశాతం అని చస్తాయి, తక్కువ మిగిలేకొద్దీ ఖర్చు దండగ. ఇక్కడ తక్కువ మిగిలేకొద్దీ దెబ్బ గట్టిగా తగులుతుంది.

ఊరి చివర దాణా కొట్టు తలుపుకు స్క్రూవర్మ్ బొమ్మతో నోటీసు అంటించి ఉంది. దాన్ని చదువుతుంటే డెబ్బై దాటిన ఆసామి ఒకాయన పలకరించాడు. నా పని ఏమిటో అల్లుడు చెప్పేసరికి ఆయన మొహం విప్పారింది. ట్రక్కు తలుపు తీసి, కూర్చోమని సీటు చూపించాడు.

చిన్నప్పుడు ఆయన పని రోజూ గుర్రమెక్కి మందంతా తిరగడం, పురుగు పట్టినదాన్ని తాడేసి పట్టడం, నల్లటి మందు పూయడం. స్మియర్ 62 అంటే ఇదేగా అన్నాను. డైఫినైలమీన్, బెంజాల్, టర్కీ రెడ్ ఆయిల్‌లో దీపపు మసి కలిపిన మందు అది, 1940లలో వచ్చింది. ఆయన అరచేతులు చూపించి "బడిలో మమ్మల్ని చేతుల రంగుతోనే గుర్తుపట్టేవాళ్ళు" అన్నాడు. విమానాల్లోంచి ఈగల అట్టపెట్టెలు రాలడం కూడా ఆయనకు గుర్తే. 1962 నుంచి దక్షిణాన మిషన్ ఊరి దగ్గర పాత వైమానిక స్థావరంలో ఈగల కార్ఖానా నడిచింది. వారానికి పది కోట్లకు పైగా ఈగలు తయారయ్యేవి. అంతకుముందే, 1954లో కరీబియన్ సముద్రంలోని కురసావో దీవిలో కొన్ని నెలల్లోనే ఈగ లేకుండా చేశారు, 1959కి ఫ్లోరిడా వంతు అయిపోయింది.

"మీ నాన్నగారు నమ్మారా?" అని అడిగాను. ఈగలను చంపడానికి ఈగలను పంచిపెడుతున్నారని తిట్టేవాడట. రెండు మూడేళ్ళకు తాడు తీసి కొక్కేనికి తగిలించాడు. 1972లో మళ్ళీ తీయాల్సొచ్చింది. ఆ ఏడు దేశంలో 90 వేలకు పైగా కేసులు. వాతావరణం ఈగకు కలిసొచ్చింది, మందల్లో గాయాలు చూసే పనివాళ్ళూ అప్పటికి తగ్గిపోయారు. చివరికి 1982 తర్వాత అమెరికాలో పాతుకున్న ఈగ లేకుండా పోయింది. 1991కి మెక్సికోలోనూ పోయింది. ఆ ఏడే లిబియాలోనూ పోయింది, మెక్సికో కార్ఖానా ఈగలను అట్లాంటిక్ దాటించి అక్కడ వదిలారు. తర్వాత పనామా అడవుల దగ్గర గొడ్డు ఈగలతో అడ్డుగోడ కట్టి, ఏళ్ళ తరబడి నిలబెట్టారు. రోడ్డు పొడవునా మాకు కనిపించిన జింకలు కూడా ఈ గెలుపు ఫలమేనన్నాడాయన. ఒకప్పుడు పుట్టిన పిల్లలు బొడ్డు దగ్గరే పోయేవి.

ఆ గోడకు 2023లో చిల్లు పడింది. ఈగ మధ్య అమెరికా అంతా ఎక్కి 2024 నవంబరులో మెక్సికో చేరింది. మేము వెళ్ళిన 2025 సెప్టెంబరులోనే మెక్సికోలోని న్యూవో లియోన్ రాష్ట్రంలో, సరిహద్దుకు 110 కిలోమీటర్ల దగ్గర, ఒక ఆవులో దొరికింది. అప్పటికే మెక్సికో పశువులకు సరిహద్దు మూసేశారు. అప్పటికి పనామా కార్ఖానా ఒక్కటే వారానికి పది కోట్ల ఈగలిచ్చేది, అవి ఈ విస్తీర్ణానికి ఏ మూలకూ చాలలేదు. మిషన్ దగ్గరి ఆ పాత స్థావరంలోనే వారానికి 30 కోట్ల సామర్థ్యంతో కొత్తది కడతామని 2025లో ప్రకటించారు. గెలిచామని పాత కార్ఖానాలు ఒక్కొక్కటే మూసుకుంటూ వచ్చిన ఫలితం ఇది. పొదుపు అనుకున్నది ఎంత ఖరీదైందో ఆ ఆసామికి ఎవరూ చెప్పక్కర్లేదు.

"కార్ఖానా లేచేదాకా ఏం చేస్తారు?" అన్నాను.

వాళ్ళ నాన్న పద్ధతే అన్నాడు. ముద్రలు వేయడం, కొమ్ములు తీయడం, విత్తులు కొట్టడం, అన్నీ చలికాలంలోనే. ఇన్నాళ్ళూ వసంతంలో వదిలేసిన ఈతలను వెనక్కి లాగి, ఈగ లేని రోజుల్లోకి తేవాలి. వచ్చే మార్చి మొదట్లోనే ఆంబోతును మందలోకి తోలితే దూడలు డిసెంబరులో పడతాయని వేళ్ళ మీద లెక్క చూపించాడు. మరి ఇప్పటికే కట్టిన ఆవుల సంగతేమిటని అడిగాను. ఏప్రిల్లో ఈనేవి పద్నాలుగున్నాయట, వాటి దూడల బొడ్లు పొద్దునా సాయంత్రమూ తనే చూసుకోవాలన్నాడు.