అల్ట్రాసోనిక్ లెవెల్ 2 ఒకసారి తప్పాక ఎలా గట్టెక్కానంటే

ఎన్ఏఎస్ 410 (విమాన రంగంలో భాగాల్ని పాడుచేయకుండా తనిఖీ చేసేవాళ్ల అర్హత ప్రమాణం) కింద అల్ట్రాసోనిక్ లెవెల్ 2, అంటే ధ్వని తరంగాలతో లోపలి లోపాలు పట్టే పనికి సర్టిఫికేట్ పరీక్ష, రాయబోతున్న కాంపోజిట్ (కార్బన్ లాంటి పొరలు అతికించి చేసే పదార్థం) వాళ్ల కోసం ఇది. నాది అప్పటికే టెస్ట్ ల్యాబ్‌లో ఉద్యోగం, 100 బై 150 మిల్లీమీటర్ల ప్యానెల్ మీద బరువు పడేయడం, సీ-స్కాన్ (లోపలి దెబ్బను పైనుంచి చూసినట్టు చూపే అల్ట్రాసౌండ్ బొమ్మ) తీయడం, తర్వాత కంప్రెషన్‌లో పెట్టి విరగ్గొట్టడం, రోజూ ఇదే. దెబ్బ తగిలిన చోట పైకి చిన్న సొట్టే, అదీ లైట్ పక్కనుంచి వేస్తేగానీ కనపడదు, లోపల మాత్రం పొరలు విడిపోయి ఉంటాయి. రోజూ చూసేదే కదా, పరీక్ష నాకో లెక్కా అనుకుని బోల్తా పడ్డా.

జనరల్, స్పెసిఫిక్, ప్రాక్టికల్ అని మూడు ఉంటాయి. ఒక్కోదాంట్లో కనీసం 70 శాతం రావాలి, పైగా సగటు 80 ఉండాలి, అంటే మూడింట్లోనూ 75 తెచ్చుకున్నా ఫెయిలే. జనరల్‌కి నియర్ ఫీల్డ్ (ధ్వని పంపే ప్రోబ్‌కి దగ్గర్లో, ధ్వని బలం నిలకడగా ఉండని దూరం), స్నెల్స్ లా (తరంగం ఎంత కోణంలో ఒంగుతుందో చెప్పేది) లెక్కలు చేయి తిరిగేదాకా చేయండి చాలు. స్పెసిఫిక్‌లో ప్రొసీజర్ చేతిలో ఉన్నా ఏ క్లాజ్ ఎక్కడుందో తెలియకపోతే టైమంతా పేజీలు తిప్పడానికే సరిపోద్ది. అన్నట్టు కళ్ల టెస్ట్ ముందే చేయించుకోండి, దగ్గరి చూపు, రంగులు రెండూ చూస్తారు.

నేను పోయింది ప్రాక్టికల్‌లో. మెషీన్లో వెలాసిటీ (ధ్వని వేగం) అల్యూమినియంది, సెకనుకు 6300 మీటర్లు, అలాగే వదిలేశా. కార్బన్ లామినేట్‌లో మందం దిశగా అది 3000 దగ్గర్లో ఉంటది. 4 మిల్లీమీటర్ల ప్యానెల్‌ని స్క్రీన్ 8 పైన చూపిస్తున్నా నాకు వెలగలేదు చూడండి! సరిచేసుకునేసరికి సగం టైమ్ పోయింది, ఆ కంగారులో ప్లై డ్రాప్‌ని (కావాలనే పొరలు తగ్గించిన చోటు) డిలామినేషన్ (పొరలు విడిపోవడం) అని రాసేశా.

తర్వాత రెండు నెలలు ఖాళీ దొరికితే రిఫరెన్స్ ప్యానెల్ (ఏ లోపం ఎక్కడుందో ముందే తెలిసిన ప్యానెల్) ముందే కూర్చున్నా. ప్లై డ్రాప్ దగ్గర బ్యాక్ వాల్ ఎకో (ప్యానెల్ వెనక వైపు తగిలి తిరిగొచ్చే ధ్వని) చావదు, ముందుకు జరుగుద్ది అంతే. డిలామినేషన్ అయితే మధ్యలో కొత్త ఎకో గట్టిగా లేచి బ్యాక్ వాల్ మాయమైపోద్ది. పొరోసిటీ (లోపల సన్నటి గాలి బుడగలు) ఇంకా దొంగది, మధ్యలో చెప్పుకోదగ్గ ఎకో ఏదీ రాదు, బ్యాక్ వాల్ మాత్రం నీరసంగా పడిపోద్ది, కప్లెంట్ (ధ్వని లోపలికి పోయేందుకు ప్రోబ్‌కీ ప్యానెల్‌కీ మధ్య రాసే జెల్ లాంటిది) సరిగ్గా అంటకపోయినా అచ్చం అలాగే ఉంటది కాబట్టి తుడిచి, మళ్లీ రాసి, ఇంకోసారి చూశాకే పెన్ను పట్టండి.

రెండోసారి ప్రోబ్ ముట్టుకోకముందే ప్యానెల్ అంచున మైక్రోమీటర్ పెట్టి మందం రాసుకున్నా. ఎగ్జామినర్ చూసి నవ్వాడు. ప్రాక్టికల్‌లో 88 వచ్చింది.