ఎడమ నాళం

నెల తప్పిన పదిహేడో రోజున ఎడమవైపు పొత్తికడుపులో మొదలైన నొప్పిని నేను మొదట లెక్కచేయలేదు. రెండేళ్లుగా కోరుకున్న గర్భం నిలిచిందన్న సంతోషంలో, అప్పుడప్పుడూ కనిపిస్తున్న రక్తపు మరకలు కూడా మామూలేనని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మూడో రోజుకు నొప్పి ఒకే చోట స్థిరపడి, లేచి నిలబడితే కళ్లు తిరగడం మొదలైంది. మొదట వెళ్లిన ఆసుపత్రిలో స్కాన్ చేసి, గర్భసంచిలో ఏమీ కనబడటం లేదని, ఇంకా తొలిరోజులే కాబట్టి వారం ఆగి రమ్మని పంపేశారు. ఆ వారం ఆగి ఉంటే ఈ వ్యాసం రాసేదాన్ని కానేమో.

రెండో చోట డాక్టరుగారు, గర్భం నిలిచాక రక్తంలో పెరిగే హార్మోన్‌ను కొలిచే బీటా హెచ్‌సీజీ పరీక్ష రాశారు. మొదటి ఫలితం 2,180. సరిగ్గా 48 గంటల తర్వాత 2,560. సవ్యంగా ఎదిగే తొలి గర్భంలో ఆ రెండు రోజుల్లో ఈ సంఖ్య ఇంతకంటే చాలా వేగంగా పెరగాలి. మరోసారి స్కాన్ చేస్తే, అండాన్ని గర్భసంచికి చేర్చే ఫాలోపియన్ నాళాల్లో ఎడమవైపు దానిలో 2.8 సెంటీమీటర్ల గడ్డ కనిపించింది. ఎక్టోపిక్ ప్రెగ్నెన్సీ, అంటే గర్భసంచికి బయట నిలిచిన గర్భం. వంద గర్భాల్లో ఒకటో రెండో ఇలా దారి తప్పుతాయి, వాటిలో తొంభై శాతానికి పైగా నాళంలోనే ఆగుతాయి. నాళానికి సాగే శక్తి లేదు, పిండానికి అక్కడ బతికే దారి లేదు, దాన్ని తీసి గర్భసంచిలో పెట్టే విద్య ఇప్పటికీ ఎవరికీ లేదు. 2019లో అమెరికాలోని ఒహాయో చట్టసభలో ప్రవేశపెట్టిన ఒక బిల్లు అలా మార్చి పెట్టడాన్ని సాధ్యమయ్యే పనిగా ప్రస్తావించిందని తర్వాత చదివినప్పుడు నాకు నవ్వు, కోపం రెండూ వచ్చాయి.

గర్భవిచ్ఛిత్తి గురించి నాకు అప్పటికే గట్టి అభిప్రాయం ఉండేది. ప్రాణం పడ్డాక తీసేయడం తప్పు అనేదాన్ని, చివర్లో 'తల్లి ప్రాణానికి ముప్పు ఉంటే తప్ప' అని చేర్చి, ఆ ఒక్క ముక్కతో చిక్కులన్నీ తీరిపోయాయనుకునేదాన్ని. అందుకే డాక్టరుగారిని అడిగిన మొదటి ప్రశ్న నా ప్రాణం గురించి కాదు. "ఇది అబార్షనేనా అండీ?" అన్నాను. ఆవిడ కాసేపు ఆగి, "ఇది వైద్యం అమ్మా. ఆ మాట మిమ్మల్ని బాధపెడితే నేను వాడను" అన్నారు. జాలితో అన్న మాటే, కానీ నా ప్రశ్నకు జవాబు కాదు.

దారులు రెండు ఉన్నాయన్నారు. ల్యాపరోస్కోపీ చేసి, అంటే పొట్టకు చిన్న గాట్లు పెట్టి కెమెరా సాయంతో, నాళాన్ని తీసేయడం ఒకటి. మెథోట్రెక్సేట్ ఇంజెక్షన్ ఇచ్చి, వేగంగా విభజన చెందే ఆ కణాలను ఆపేసి, శరీరమే వాటిని మెల్లగా కరిగించుకునేలా చూడటం రెండోది. కీళ్లవాతానికీ కొన్ని క్యాన్సర్లకూ వాడే ఈ మందును నాళంలోని గర్భానికి మొదటిసారి 1982లో జపాన్‌లో వాడారు. ఇది ఫోలిక్ యాసిడ్ పనికి అడ్డుపడుతుంది. కాబట్టి బిడ్డ వెన్నెముక సరిగా ఏర్పడాలని రోజూ వేసుకుంటున్న ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఆ పూటే ఆపేయమన్నారు. ఆ మాత్రల పట్టీని పక్కన పెట్టినప్పుడు ఏడ్చినంతగా నేను సూది వేయించుకున్నప్పుడు ఏడవలేదు.

నాళం మిగులుతుందన్న ఆశతో ఇంజెక్షనే ఎంచుకున్నాను. సూది వేసిన నాలుగో రోజు ఆ హార్మోన్ సంఖ్య 2,940. పెరగడం చూసి బెదిరిపోతే, అది మామూలేనని, నాలుగో రోజుకూ ఏడో రోజుకూ మధ్య కనీసం 15 శాతం తగ్గాలని చెప్పారు. ఏడో రోజు 2,390 వచ్చింది.

ఆ రోజుల్లో మంచం మీద పడుకుని, నా ప్రశ్నకు జవాబు దొరుకుతుందేమోనని చదవడం మొదలుపెట్టాను. నాళాన్ని తీసి ప్రాణం కాపాడే శస్త్రచికిత్స 1883లో లాసన్ టెయిట్ అనే బ్రిటిష్ శస్త్రవైద్యుడి చేతుల మీదుగా విజయవంతమైంది. అయినా 1902లో కాథలిక్ చర్చి అధికార పీఠం, బయట బతికే వయసు రాని పిండాన్ని ఇలా తీయడం కూడదని తీర్పు చెప్పింది. 1933లో బౌస్కరెన్ అనే మతాచార్యుడు, చెడిపోయిన నాళాన్ని తీయడం తల్లికి చేసే వైద్యమని, పిండం పోవడం ముందే తెలిసినా అది ఉద్దేశించినది కాదని వాదించాక ఆ దారి తెరుచుకుంది. మంచి పనికి తప్పనిసరిగా చెడు ఫలితం తోడైనప్పుడు, ఆ చెడును కోరకుండా, దాన్నే సాధనంగా వాడుకోకుండా ఉంటే ఆ పని చేయవచ్చునన్నది దీని వెనకున్న సూత్రం. పదమూడో శతాబ్దంలో కాథలిక్ తత్వవేత్త థామస్ అక్వైనాస్ ఆత్మరక్షణ గురించి చెప్పిన మాటల్లో దీనికి మూలాలున్నాయి.

ఆ లెక్కన నాళాన్ని కోసేయడానికి అభ్యంతరం లేదు. మెథోట్రెక్సేట్ మాత్రం నేరుగా పిండపు కణాల మీదే పనిచేస్తుంది కాబట్టి అది తప్పని ఆ సంప్రదాయంలోనే కొందరు, కాదని మరికొందరు నేటికీ వాదించుకుంటున్నారు. ఉద్దేశానికీ ఫలితానికీ తేడా ఉందన్న మాటను నేను కొట్టిపారేయలేను, అది లేకపోతే నీతికే అర్థం ఉండదు. కానీ రెండు దారుల్లోనూ పిండానికి దక్కేది ఒక్కటే అయినప్పుడు, ఆడమనిషి అవయవాన్ని పోగొట్టే దారినే నిష్కళంకమైనదిగా తేల్చే తర్కం, ఆ అవయవం ఎవరిదో వారి పక్కన కూర్చుని ఆలోచించినది కాదని నాకు అనిపించింది.

పదకొండో రోజు తెల్లవారుజామున కుడి భుజం మీద పోటుతో మెలకువ వచ్చింది. కడుపులో కారిన రక్తం ఉదర వితానాన్ని, అంటే ఊపిరితిత్తుల కిందుండే కండరపు పొరను, తాకితే నొప్పి భుజంలో తెలుస్తుందని ముందే హెచ్చరించి ఉండబట్టి బతికాను. హెచ్‌సీజీ తగ్గుతున్నప్పుడు కూడా నాళం పగలవచ్చునట. ఆసుపత్రికి చేరేసరికి హిమోగ్లోబిన్ 6.4. రెండు యూనిట్ల రక్తం ఎక్కించి, ఎడమ నాళం తీసేశారు. ఆ చర్చలోని రెండు దారులూ చివరికి నా ఒంట్లోనే నడిచాయి.

నా ప్రాణానికి ముప్పు ఏ రోజున మొదలైనట్టు? 2,560 అన్న కాగితం చేతికొచ్చిన రోజునా, భుజం నొప్పి వచ్చిన తెల్లవారుజామునా? నేను ఇన్నాళ్లూ తేలిగ్గా పలికిన 'తప్ప' అన్న మాట చట్టంలో చేరితే ఎంత బరువెక్కుతుందో అప్పుడు తెలిసింది. 2012లో ఐర్లండ్‌లో సవితా హలప్పనవర్‌కు పదిహేడో వారంలో గర్భం నిలవదని తేలాక కూడా, పిండం గుండె కొట్టుకుంటోందని గర్భవిచ్ఛిత్తి నిరాకరించారు. ముప్పు ఎవరికీ సందేహం లేనంతగా కనిపించేసరికి ఒళ్లంతా ముదిరిన ఇన్ఫెక్షన్, సెప్సిస్, ఆమెను తీసుకుపోయింది. ఆ దేశ ప్రజలు 2018లో 66 శాతం ఓట్లతో 1983 నాటి రాజ్యాంగ నిషేధాన్ని తొలగించారు. అమెరికాలో గర్భవిచ్ఛిత్తికి రాజ్యాంగ రక్షణను సుప్రీంకోర్టు తొలగించిన 2022 తీర్పు తర్వాత కఠిన నిషేధం అమలైన టెక్సాస్, నాళంలో గర్భానికి వైద్యం చేసే డాక్టర్లకు రక్షణగా 2023లో ప్రత్యేకంగా మరో చట్టం చేయాల్సి వచ్చింది. భారతదేశపు 1971 నాటి గర్భవిచ్ఛిత్తి చట్టంలోని అయిదో సెక్షన్, తల్లి ప్రాణం కాపాడటానికి తక్షణ అవసరమని ఒక్క వైద్యుడు నిజాయితీగా భావిస్తే చాలంటుంది, వారాల లెక్క అడ్డురాదు. భయపడే డాక్టరు చేతిలో రోగి భద్రంగా ఉండదని ఈ నిబంధన రాసినవారికి తెలుసుననుకుంటాను.

నా పాత అభిప్రాయం మొత్తంగా తారుమారైందని చెప్పను. నాళంలో ఉన్నది ఏమీ కాదని ఎవరైనా అంటే ఇప్పటికీ నొచ్చుకుంటాను. దానికోసం నేను ఏడ్చాను. గుండె చప్పుడు లేకపోయినా ఆ కణాలు బతికే ఉన్నాయని పెరుగుతున్న సంఖ్య చెబుతూనే ఉంది. అయితే దుఃఖపడే హక్కు నాది, దాన్ని నాకు శిక్షగా రాసే అధికారం ఇంకొకరిది కాదు.

కోలుకోవడం మెల్లగా సాగింది. ఇనుము మాత్రలతో రక్తం పుంజుకోవడానికి రెండు నెలలు పట్టింది. వారం వారం చేసిన పరీక్షలో హెచ్‌సీజీ గర్భం లేదని లెక్కించే అయిదు కంటే తగ్గడానికి మరో మూడు వారాలు పట్టింది, ఆ కాగితం కోసం ఎదురుచూసి, వచ్చాక రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేకపోయాను. మందు ప్రభావం పోయేదాకా మూడు నెలలు మళ్లీ గర్భం రాకూడదన్నారు. కుడి నాళం బాగానే ఉంది.

చివరిసారి డాక్టరుకు చూపించుకోవడానికి వెళ్లినప్పుడు నర్సు కొత్త ఫారం నింపుతూ గత గర్భాల వివరాలు అడిగింది. ఎక్టోపిక్ అని, ఎడమ నాళం తీసేశారని చెప్పాను. ఆ కాగితంలో కాన్పులకు ఒక గడి, అబార్షన్లకు ఒక గడి మాత్రమే ఉన్నాయి. రెండో గడిలో ఒకటి అని వేసి, "ఇక్కడే రాయాలండీ, వేరే చోటు లేదు" అంది. నేను దిద్దమనలేదు.